ఏరిన బియ్యం

నాచారంలో మా పాత చర్చిని పడగొట్టి కొత్తది కడుతున్నారని, ఈలోగా ఒకసారి వచ్చి చూసుకుని వెళ్లమని అక్కడి పాస్టరుగారు ఫోను చేశారు. ఆయన కుర్రవాడు. మా నాన్నగారు అదే చర్చిలో పాస్టరుగా ఉన్న రోజులకి ఆయన తండ్రికి కూడా పెళ్లయి ఉండదు. అయినా ఎవరెవరినో అడిగి నా నంబరు పట్టుకున్నాడంటే ముచ్చటేసింది. ఉప్పల్ దాకా మెట్రోలో వెళ్లి, అక్కడ ఆటో ఎక్కాను. మేము ఉన్నప్పుడు ఆ దారి పొడుగునా తుమ్మచెట్లు, బండరాళ్లు, నడుమ నడుమ జొన్నచేలు ఉండేవి. ఆటో అబ్బాయికి దారి చెప్పబోతే, "మీరు ఆరామ్‌గ కూసోండి ఆంటీ, ఫోన్ల సూపిస్తుంది" అన్నాడు. నేను పెరిగిన ఊరికి దారి నాకు ఫోను చూపించింది. సరే, చూపించనీ అని కూర్చున్నాను.

చర్చిలో చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బెంచీలు తీసేశారు, కిటికీలు ఊడబీకారు. వెనక సామాన్ల గదిలో మాత్రం ఒక మూల పాత నూనె డ్రమ్ము కనబడింది. పైభాగం కోసి, ఆ కోసిన రేకుకే పిడి అతికించి మూత చేసిన డ్రమ్ము. మా సంఘంలో వెల్డింగు పని చేసే ఒకాయన చేసిపెట్టాడు దాన్ని. ఇప్పుడు అందులో చిరిగిన క్రిస్మస్ నక్షత్రాలు, కరెంటు వైర్లు ఉన్నాయి. నేను దాని దగ్గరే నిలబడిపోయేసరికి పాస్టరుగారు, "పాత డ్రమ్మేనమ్మా, స్క్రాపుకి వేసేస్తున్నాం" అన్నారు. నేను చిన్నప్పుడు తిన్న అన్నమంతా అందులోంచి వచ్చిందేనని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడంలో ఆయన తప్పేమీ లేదు.

మా సంఘాల్లో ఒక ఆనవాయితీ ఉండేది, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉంది. పూటకి బియ్యం కొలిచి పోసుకున్నాక, కడగబోయే ముందు, ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. అది దేవుడి వంతు. ఆదివారం నాడు కుండలో పోగయినదాన్ని గుడ్డసంచిలో పోసుకుని చర్చికి తెస్తారు. కానుకల పాట పాడుతుండగా ఆడవాళ్లు వరసగా లేచి వెళ్లి డ్రమ్ములో గుమ్మరిస్తారు. రేకు అడుగున బియ్యం పడే ఆ మొదటి చప్పుడు నాకు పాటకంటే బాగా గుర్తు. కొన్ని సంఘాల్లో ఆ బియ్యాన్ని వేలం వేసి డబ్బు చేసుకుంటారు. మాది బీద సంఘం. రైల్వేలో కలాసీలు, కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీల్లో కూలీలు, పాత ఊరి చివరి మాల మాదిగ ఇళ్లవాళ్లు. నాన్నగారికి జీతమంటూ సరిగా ఇవ్వలేక డ్రమ్ములోదంతా పాస్టరు ఇంటికే పంపేవారు. విచిత్రమేమిటంటే, ఆ బియ్యం వండబోయే ముందు మా అమ్మ కూడా అందులోంచి పిడికెడు తీసి కుండలో వేసేది. అది మళ్లీ ఆదివారం డ్రమ్ములోకి వెళ్లి, మళ్లీ మా ఇంటికే వచ్చేది. "ఎందుకమ్మా ఈ తిప్పట" అంటే, "తిరగనీ, దాని కాళ్లేం అరిగిపోవు" అనేది.

అందరి ఇళ్ల బియ్యం ఒకేలా ఉండదు కదా. మౌలాలి రైల్వే క్వార్టర్ల వాళ్లది రేషను బియ్యం, ముక్కవాసన. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకటి రెండు కుటుంబాలది సన్నబియ్యం. ఊరివాళ్లది ఇంట్లో దంచుకున్నది, గింజకి ఎర్రచార. అప్పుడప్పుడే వస్తున్న ఐ.ఆర్. ఎయిట్ దొడ్డు గింజ, ఎంత ఉడికినా నోట్లో రబ్బరులా కదిలేది. ఎవరో ఒకరు ఉప్పుడు బియ్యం తెచ్చేవారు. వీటన్నిటి మధ్యా నూకలు. ఇవన్నీ కలిపి ఒక గిన్నెలో వండితే సన్నది జావయిపోయే వేళకి దొడ్డుది పలుకుమీద ఉంటుంది. అమ్మ ముందుగా నానబెట్టి, ఎసరు బాగా మరిగాక పోసి, ఒక్క పొంగు రాగానే మంట లాగేసి, మూతపెట్టి నిప్పుల మీద వదిలేసేది. మా పొయ్యి రంపపుపొట్టుతో కూరే డబ్బాపొయ్యి. కోతమిల్లు పక్కనే ఉండటంతో పొట్టుకి లోటు లేదు. ఆ కాలిన పొట్టు వాసన, గంజి వాసన, రేషను బియ్యపు ముక్కవాసన, మూడూ కలిస్తే మా ఇల్లు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఒకే ముద్దలో మెత్తన, గట్టి, తీపి, చప్పన అన్నీ తగిలేవి. అన్నమంటే అలాగే ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను.

అలా ఉండదని బడిలో తెలిసింది. మధ్యాహ్నం డబ్బా విప్పితే పక్కన కూర్చున్న పిల్ల తొంగిచూసి, "నీది అడుక్కున్న బియ్యమా?" అంది. వెక్కిరింపుగా కూడా కాదు, నిజంగానే అడిగింది. ఇంటింటా తిరిగే బిచ్చగాడి జోలెలో రకరకాల బియ్యం కలిసి ఉంటుంది, అది ఆ పిల్ల రోజూ చూస్తున్నదే. ఆ తర్వాత నేను డబ్బా మూత సగమే తెరిచి తినేదాన్ని. ఇంటికి వచ్చి అమ్మమీద అరిచాను కూడా. అమ్మకు బదులు చెప్పే అలవాటు తక్కువ. ప్రసంగాలు నాన్నగారి పని. ఆయన ప్రసంగవేదిక మీద నిలబడితే చర్చి రేకులు అదిరేవి, ఇంట్లో మాత్రం ఉప్పు ఎక్కడుంటుందో తెలియదు. అమ్మ ప్రార్థన కూడా పనిచేసుకుంటూ కళ్లు తెరిచే చేసేది. పొయ్యి మీద పాలు పెట్టి కళ్లు మూసుకుంటే దేవుడొచ్చి దించడు కదా అనేది.

మా పెంకుటింటి పక్కనే ఎల్లవ్వ ఇల్లు. మధ్యలో నడుమెత్తు మట్టిగోడ. ఎల్లవ్వది ఆ ఊరిలో తరాలుగా సాగుచేసుకుంటున్న కుటుంబం. ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు వాళ్ల భూమి పోయింది. దానికి వచ్చినదేదో కరిగిపోయింది. ఆమె కొడుకు మల్లయ్య తమ చేను ఉన్న చోటికి దగ్గర్లోనే ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాడు. కోడలు సత్తెమ్మ. ఒక బర్రె మిగిలింది. భూమి పోయినా ఎల్లవ్వ మాత్రం పొద్దున్నే వాకిట్లో నిలబడి, వచ్చిన బిచ్చగాడికి చాటెడు గింజలు వేసేది. లెక్క చూసుకోదు. చుట్ట కాలుస్తూ మా అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడేది. ఊళ్లో ఎవరికి ఎవరితో పడదో, ఏ ఫ్యాక్టరీ కింద ఎవరి బావి పూడిందో అన్నీ చెప్పేది. కాని దాహమైతే లేచి వాళ్లింటికి వెళ్లి తాగి వచ్చేది. మా ఇంట్లో మంచినీళ్లు ముట్టేది కాదు. దానికి ఆమె మొహమాటపడేదీ లేదు, అమ్మ బాధపడేదీ లేదు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఒక ఎండాకాలం చివర్లో మల్లయ్య ఫ్యాక్టరీకి తాళం పడింది. యజమానికీ యూనియనుకీ ఏదో తగాదా. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నాలుగు రోజుల్లో తీస్తారన్నారు. తియ్యలేదు. మల్లయ్య చర్లపల్లి వైపు, కాప్రా వైపు కూలికోసం తిరిగేవాడు. తనలాంటివాళ్లు ఎంతోమంది తిరుగుతుంటే పని ఎక్కడ దొరుకుతుంది? అదే సమయంలో సత్తెమ్మ ప్రసవించింది. ఆడపిల్ల. బర్రె చూడితో ఉండి పాలు ఎండిపోయాయి. ఇవన్నీ మాకు తెలుసు, అయినా ఇంటి లోపలి సంగతి మాత్రం తెలియదు. ఎల్లవ్వ ఎప్పటిలాగే అరుగు మీదికి వచ్చి కూర్చుని, ఎప్పటిలాగే ఊరి సంగతులు చెప్పేది. అమ్మే ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని ఉన్నట్టుండి, "ఎస్తేరూ, వాళ్లింట్లో పొగ వస్తోంది గాని గంజి వాసన రావడం లేదే" అంది. అప్పుడు నేనూ గమనించాను. వేళకి పొయ్యి అంటుకుంటోంది, గిన్నెల చప్పుడు అవుతోంది, గోడమీదుగా పొగ వస్తోంది. అన్నం ఉడికిన వాసన మాత్రం లేదు. ఎల్లవ్వ రోజూ పొయ్యి వెలిగించి ఉత్త నీళ్లు కాగబెడుతోంది.

బాలింతకి కడుపునిండా తిండి లేకపోతే చంటిదానికి పాలు ఎక్కడివి? ఆ పిల్ల రోజంతా ఏడ్చేది. గట్టిగా కాదు, పిల్లికూనలా సన్నగా. ఆ ఏడుపు వింటూ అమ్మ అన్నం కలుపుకోలేక చెయ్యి కడిగేసుకునేది. మర్నాడు మా బియ్యంలోంచి ఒక పెద్ద గిన్నెడు తీసి, పైన గుడ్డ కప్పి నాచేత పంపింది. వండిన అన్నం వాళ్లు ముట్టరు, పచ్చి బియ్యానికి ఆ పట్టింపు లేదు. ఆ సంగతి అమ్మకు తెలుసు. ఎల్లవ్వ గిన్నె అందుకుని చాటలో పోసి, అరచేత్తో ఇటూ అటూ పరిచి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"గివి యాడియి బిడ్డా?"

"మావే అవ్వా. అమ్మ పంపింది."

"మీయంటె? గింట్ల పదిండ్ల బియ్యమున్నయి. గిది జోలె బియ్యం." మళ్లీ గిన్నెలోకి ఒంపేసింది, ఒక్క గింజ కూడా చాటలో ఉండకుండా దులిపి మరీ. "నా గడపకాడికొచ్చినోనికి నేనేసిన గని, నా ఇంట్లకు జోలె రాలె. తీస్కపో. మీ అమ్మకు జెప్పు, మేం తిన్నమని."

లోపల సత్తెమ్మ చాపమీద పడుకుని ఉంది. ఆమె కళ్లు గిన్నెమీదే ఉన్నాయి. నేను ఇంటికి వచ్చి గిన్నె దభాలున కిందపెట్టి, నోటికి వచ్చినట్టు మాట్లాడాను. మన నీళ్లు పనికిరావు, మన బియ్యం పనికిరాదు, ఇక చావనీ అన్నాను. అమ్మ నన్ను తిట్టలేదు. గిన్నెలో చెయ్యిపెట్టి గింజలు కదిపి చూసింది. "తప్పు నాదే. తినీ తినీ నా కళ్లకి ఇదంతా ఒకే బియ్యంలా కనబడుతోంది. ఆవిడ కళ్లతో చూడలేదు" అంది. సంఘం పెట్టిన అన్నం తిని బతికే పాస్టరు పెళ్లాం తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చెయ్యరు. బయటివాళ్లు ఆ గిన్నె చూసిన వెంటనే జోలె అంటారు. మా అమ్మకు మాత్రం అది అన్నం, అంతే.

ఆ మధ్యాహ్నం అమ్మ నడవలో చాప పరిచి బియ్యం పోసింది. ముందు జల్లెడ పట్టి నూకలు విడదీసింది. తర్వాత చేటలో పోసి చెరిగింది, నేమింది. ఆ విసురులో తేలికగింజ ఒక అంచుకీ బరువుగింజ ఇంకో అంచుకీ చాలావరకు జరుగుతాయి. మిగిలినవి చేత్తో ఏరడమే. ఉప్పుడుగింజ పచ్చగా ఉంటుంది గనక ఏరడం తేలిక. ఎర్రచార గింజ కూడా అంతే. సన్నగింజకీ, విరిగిన దొడ్డుగింజకీ తేడా పట్టుకోవడమే ప్రాణం తీస్తుంది. నన్ను కూడా కూర్చోబెట్టింది.

"ఇదంతా ఏరతావా? నీకేమన్నా మతి ఉందా?" అన్నాను.

"అంతా అక్కర్లేదు. చూసేవాళ్లకి కొట్లో కొన్నట్టు కనబడితే చాలు."

"ఆకలేసినవాళ్లు ఏదైనా తినాలి. ఏరి పెడితేగాని తినరా?"

"ఆకలేసినవాళ్లకి ఆకలొక్కటే ఉంటుందా? మనకున్నవన్నీ వాళ్లకీ ఉంటాయి" అంది అమ్మ, చేటలోంచి తల ఎత్తకుండానే. ఆమె నాకు బోధించిన వేదాంతమంతా కలిపి ఇంతే. నాన్నగారి ప్రసంగాలు ఎన్ని విన్నానో, ఒక్కటీ ఇంత బాగా గుర్తులేదు.

మర్నాడు అమ్మ తనే గోడదగ్గరికి వెళ్లింది. కోతమిల్లు సరిగా నడవడం లేదని, పొట్టు దొరకడం లేదని, వానలు ముంచుకొస్తున్నాయని, ఎల్లవ్వ పిడకలు ఇస్తే బదులుగా బియ్యం ఇస్తానని చెప్పింది. పొట్టు దొరకకపోవడమేమిటి, మా వెనక వసారాలో బస్తాలు ఉన్నాయి. నేను నోరు తెరవబోతే అమ్మ కాలితో నా కాలు తొక్కింది. ఎల్లవ్వ చుట్ట తీసి, బియ్యం దోసిట్లో పోసుకుని చూసింది. సన్నబియ్యం, అంతా ఒకే రకం. ఒకసారి అమ్మ ముఖంలోకి చూసింది.

"నా పిడకలు ఉత్త పెండవి గావు పాస్టరమ్మా. గడ్డి గలిపి జేసిన. గీ మానెడు బియ్యానికి గంపెడంటె ఎట్లయితది?"

"మరి ఇంకెంతవ్వా? గంపంటే నిండు గంపే కావాలి. సగం గంప నాకెందుకు?"

"నిండు గంప గావాల్నంటె ఇంకో సోలెడు పొయ్యి. నాకు ఉత్తగ రావు పెండలు."

అలా చాలాసేపు వాదులాడుకున్నారు. అమ్మ గట్టిగానే బేరమాడింది. ఆడకపోతే అది దానమైపోతుంది. చివరికి ఎల్లవ్వే నెగ్గి, సోలెడు ఎక్కువ పోయించుకుంది. నెగ్గినందుకు ఆమె ముఖంలో వెలుగు చూడాలి. ఆ సాయంత్రం గోడమీదుగా గంజి వాసన వచ్చింది. నాకు ఎంత కోపం ఉన్నా, ఆ వాసన తగలగానే ప్రాణం కుదుటపడింది. చంటిదాని ఏడుపు మెల్లగా పెద్దదయింది. కడుపు నిండిన పిల్ల ఏడుపు వేరు, గొంతు పెట్టి ఊరంతా వినిపించేలా ఏడుస్తుంది. అమ్మ ఆ ఏడుపు వింటూ హాయిగా అన్నం తినేది.

ఇక ప్రతివారం ఇదే వరస. ఆదివారం డ్రమ్ములోది ఇంటికి రాగానే మేమిద్దరం చాపమీద కూర్చునేవాళ్లం. ఒక వారం సన్నవి ఎక్కువగా తేలితే అవి, ఇంకోవారం దొడ్డువి. ఒక్కోసారి ఏ ఒక్క రకమూ సరిపడా ఉండకపోతే రెండు మూడు చిన్న మూటలు విడివిడిగా కట్టేది, జావకి నూకలు వేరే. మాకు మిగిలేది ఏరగా ఏరగా పక్కకి పోయిన గింజ. నా చూపుడువేలి కొస మొద్దుబారిపోయింది. పిడకలు మాత్రం కొండలా పెరిగిపోయాయి. అనుమానం రాకూడదని అమ్మ పొట్టుపొయ్యి పక్కన పెట్టి వాటిమీదే వండటం మొదలుపెట్టింది. ఇల్లంతా పొగ. నాన్నగారు ప్రసంగం రాసుకుంటూ దగ్గి దగ్గి, "ఈ పిడకల పిచ్చేమిటే నీకు?" అనేవారు. అమ్మ, "రుచి బాగుంటుందండీ" అనేది.

మా సంఘంలో శాంతమ్మగారని ఆడవాళ్ల సమాజానికి పెద్ద. చెడ్డమనిషి కాదు, క్రమం తప్పితే సహించలేని మనిషి. ఆవిడ ఒకరోజు మా ఇంటికి వచ్చేసరికి అమ్మ గోడదగ్గర నిలబడి బియ్యం కొలుస్తోంది, ఎల్లవ్వ అటునుంచి గంప అందిస్తోంది. ఇంకేముంది? దేవుడికిచ్చిన బియ్యాన్ని అమ్మగారు పిడకలకి అమ్ముకుంటోందని మరుసటి ఆదివారానికి సంఘమంతా పాకిపోయింది. ఆరాధన అయ్యాక శాంతమ్మగారు లేచి అందరిముందూ అడిగేసింది.

"మా పిల్లల నోటిదగ్గర తీసిన పిడికెడు అది. దాన్ని మీరు ఊరివాళ్లతో బేరానికి పెట్టొచ్చా అమ్మగారూ? ఒక్క మాట చెప్పండి."

ఒక్క మాట చెబితే అయిపోయేది. పక్కింట్లో బాలింత పస్తు ఉందని చెబితే శాంతమ్మగారే ముందు ఏడ్చేది, తన సంచి తెచ్చి ఎల్లవ్వ వాకిట్లో గుమ్మరించేది కూడా. అప్పుడు ఊరంతటికీ తెలిసిపోయేది. ఎల్లవ్వ ఆ పూటనుంచి మళ్లీ ఉత్త నీళ్లు కాగబెట్టేది. అమ్మ లేచి నిలబడి, "పిడకలు కావలసి వచ్చాయమ్మా" అని కూర్చుంది. అంతే. పక్కన కూర్చున్న నాకు పళ్లు కొరుక్కోవడం తప్ప ఏమీ చేతకాలేదు. నాన్నగారు ఇంటికి వచ్చాక తలుపు వేసి అడిగారు. అమ్మ చెప్పింది. ఆయన కాసేపు గదిలో ఇటూ అటూ నడిచి, చాపదగ్గరికి వచ్చి కూర్చుని, "ఏ గింజ ఎటు వెయ్యాలో చూపించు" అన్నారు. ఏరడంలో ఆయన ఎందుకూ పనికిరాలేదు, ఏరినవాటిని కూడా కలిపేశారు. అమ్మ మెల్లగా ఆయన చేతిలోంచి చేట తీసుకుని, వెళ్లి ప్రసంగం రాసుకోమంది.

ఆ తర్వాత సంచులు పలచబడ్డాయి. కొందరు తేవడం మానేశారు, తెచ్చినవాళ్లు కూడా సగం తెచ్చారు. డ్రమ్ములో చప్పుడు చాలాసేపు వినబడేది, అడుగు నిండదు గనక. మేము జొన్నరొట్టెలతో, అంబలితో గడిపాం. అమ్మ మాత్రం ఎల్లవ్వ మూట తగ్గించలేదు. వానలు పడి, వెలిసి, బర్రె ఈని, చలి మొదలయ్యే వేళకి ఫ్యాక్టరీ తాళం తీశారు. మల్లయ్య పనిలోకి వెళ్లిన వారం ఎల్లవ్వ గోడదగ్గరికి వచ్చి, "ఇగ పిడకలు లెవ్వు పాస్టరమ్మా, మా ఇంటికే సరిపోతలెవ్వు" అంది. అమ్మ, "అలాగేలే అవ్వా" అంది. అంతటితో అయిపోయింది. ఎల్లవ్వ ఒక్క మంచిమాట అనలేదు. మా ఇంట్లో నీళ్లూ ముట్టలేదు. ఎప్పటిలాగే అరుగు మీద చుట్ట కాల్చింది. తర్వాత కొన్నాళ్లకి నాన్నగారికి వేరే ఊరు బదిలీ అయింది. బియ్యం అమ్ముకున్న అమ్మగారన్న మాట మాకంటే ముందే ఆ ఊరు చేరింది. అమ్మ పోయేదాకా దాన్ని కాదనలేదు. ఆమె పట్టించుకోలేదేమో గాని, నాకు మాత్రం ఇన్నేళ్లూ ఎల్లవ్వ మీద కోపం పోలేదు. ఒక్కసారి, ఒక్క మంచిమాట అని ఉంటే ఏం పోయేది?

ఇప్పుడు నేను ఉండే అపార్టుమెంటులో బియ్యం బస్తా గుమ్మం దగ్గరికి వస్తుంది. అన్నీ ఒకే కొలత గింజలు, మల్లెమొగ్గల్లా ఉంటాయి. తెచ్చిన కుర్రాడి పేరు నాకు తెలియదు, నా పేరు అతనికి ఫోనులో కనబడుతుంది. మా చర్చిలో కానుకలు కూడా ఫోనులోనే. ఎక్కడో వరదలంటే పంపిస్తాను, ఎవరు తిన్నారో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తప్పని అనను. చాలామందికి చేరుతుంది, మా డ్రమ్ముకంటే ఎక్కువమందికే చేరుతుంది. కాకపోతే చూపుడువేలు మొద్దుబారదు.

చర్చి చూసి బయటికి వచ్చాక సత్తెమ్మ ఉందా అని అడిగాను. ఉందన్నారు. మట్టిగోడ ఉన్నచోట మూడంతస్తుల ఇల్లు, కింద సెల్‌ఫోన్ల దుకాణం. పైన వాకిలి దగ్గర కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉంది సత్తెమ్మ. చూపు బాగా తగ్గింది. పేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "పాస్టరమ్మ బిడ్డవా! గా ఎస్తేరువా! లక్ష్మీ, ఎవలొచ్చిన్రో సూడే" అని కేకపెట్టింది. లోపలినుంచి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చిన మనవరాళ్లున్న పెద్దావిడే ఆనాటి చంటిపిల్ల. నాకు మంచినీళ్లు ఇచ్చింది. అన్నం తినకుండా వెళ్లడానికి వీల్లేదని తల్లీకూతుళ్లు పట్టుబట్టారు. లక్ష్మి వంటింట్లోకి వెళ్లాక, నేను ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజుల్లో మేం బియ్యం ఏరి ఇచ్చామని మీ అత్తకి తెలుసా అని.

సత్తెమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "తెల్వకేం? ఒక వారం సన్నయి, ఒక వారం దొడ్డయి, గిన్ని మూటలల్ల గిన్ని తీర్లయి. గట్ల ఏ దుకాణంల అమ్ముతరమ్మా? ముందు దినం పదిండ్లయి, తెల్లారి ఒక్క తీరువి, మొదటి దినమే ఎరుకాయె. ఒక్క మూట అందరికి సాలదు గదా. మీరు కండ్లు పోంగ ఏరి పంపిన్రు, మా అత్త మల్ల అన్ని కలిపే ఎసట్ల పోసేది."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎండాకాలం చివరినుంచి చలికాలం దాకా మేమిద్దరం చాపమీద కూర్చుని విడదీసినదంతా గోడకి అవతల మళ్లీ ఒకటైపోయిందన్నమాట. "మరి తెలిసి కూడా ఎందుకు తీసుకుంది? మొదటిసారి తిప్పి పంపింది కదా?" అన్నాను.

"నేను గూడ గదే అడిగిన. మొదాలు జోలె బియ్యమని ఎల్లగొడ్తివి, గిది గూడ గదే గద అత్తా అన్న." సత్తెమ్మ నా చెయ్యి తడిమి, వేళ్లకొసలు ఒక్కొక్కటీ నొక్కి చూసింది, ఇంకా మొద్దుబారి ఉన్నాయేమోనన్నట్టు. "కాదే పిల్లా అన్నది. బిచ్చమేసెటోళ్లు గింజలు ఏరుతరా? ఏరుతె ఇంటోళ్లకే ఏరుతరు అన్నది."

లక్ష్మి కంచం తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లటి సన్నబియ్యపు అన్నం, ఆవిర్లు కక్కుతోంది. నేను రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాను.